ఓర్పుకు పెట్టుబడి ఎవరిది?

కంప్యూటర్ మన దేశ ప్రజలకు వేగానికి మారుపేరుగా పరిచయమైంది. 1980ల మధ్యకాలంలో సీఎంసీ సంస్థ రూపొందించిన కంప్యూటర్ రిజర్వేషన్ పద్ధతి న్యూఢిల్లీలో అమలులోకి వచ్చినప్పుడు, గంటల తరబడి వరుసలలో నిలబడి ఒక కిటికీ నుంచి మరొక కిటికీకి తిరుగుతూ ఉండిన ప్రయాణికుల అవస్థ చాలావరకు తగ్గింది. నిరీక్షణను తగ్గించడమే ఈ యంత్రం ప్రయోజనమన్న భావం జనంలో స్థిరపడింది. అయితే ఆ యంత్రాన్నే ఆధారం చేసుకొని వ్యాపారం నిర్మించుకొన్నవారి చరిత్రను పరిశీలిస్తే వేరొక విషయం బోధపడుతుంది. ఇతరుల నిరీక్షణను తగ్గించే సాధనాన్ని సిద్ధం చేయడానికి వారు తాము ఏళ్ల తరబడి నిరీక్షించవలసి వచ్చింది. ఆ నిరీక్షణ స్వభావమేమిటి? దానిని సుగుణమని ఎప్పుడు చెప్పవచ్చు? ఆ కాలమంతా దాని భారాన్ని ఎవరు మోస్తారు? పైకి వ్యాపారానికి సంబంధించినవిగా కనిపించినా, ఈ ప్రశ్నలు నీతిశాస్త్రానికి చెందినవే.

ఓర్పు విషయంలో తెలుగువారి లోకోక్తులు ఒకే మాట చెప్పవు. 'ఓర్చినమ్మకు తేటనీరు' అన్న సామెత నిరీక్షణను మెచ్చుకొంటుంది. 'ఆలస్యం అమృతం విషం' అన్న మాట అదే నిరీక్షణను హెచ్చరిస్తుంది. రెండూ అనుభవం నుంచి పుట్టినవే కాబట్టి రెండింటినీ తోసిపుచ్చడానికి వీలులేదు. మొదటి సామెతలోని దృశ్యాన్ని కొంచెం నిదానంగా చూస్తే ఈ వైరుధ్యం కొంత సడలుతుంది. ఎండాకాలంలో ఎండిన ఏటి ఇసుకలో చెలమ తవ్వినప్పుడు మొదట ఊరేది బురదనీరే. తొందరపడి ముంచితే కడవలోకి బురదే వస్తుంది. కాసేపు ఆగితే మడ్డి అడుగుకు దిగి పైన తేటనీరు నిలుస్తుంది. అయితే చెలమ తవ్వకుండా ఏటి ఒడ్డున ఎంతసేపు కూర్చున్నా నీరు రాదు. తవ్వినవారి నిరీక్షణకు, తవ్వనివారి నిరీక్షణకు బయటికి కనిపించే తేడా లేదు. ఇద్దరూ కూర్చొనే ఉంటారు. తేడా అంతా అంతకుముందు జరిగిన పనిలో ఉంది.

ఢిల్లీ పరిసరాలలో పుట్టి పెరిగిన ఒక సంస్థ కథ ఈ విచారానికి మంచి ఆధారం. అహ్మదాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌లో 1989లో చదువు ముగించిన సంజీవ్ బిఖ్‌చందానీ, హార్లిక్స్ తయారుచేసే కంపెనీలో ఉద్యోగంలో చేరారు. అక్కడ ఆయన దృష్టిని ఆకర్షించిన విషయం చాలా చిన్నది. కార్యాలయానికి వచ్చే వ్యాపార పత్రికను ఉద్యోగులు మొదటి పేజీ నుంచి కాక చివరి పేజీల నుంచి చదివేవారు. ఆ పేజీలలో ఉండేవి ఉద్యోగ ప్రకటనలు. చేతిలో మంచి ఉద్యోగం ఉన్నవారు సైతం మరొక ఉద్యోగం ఎక్కడ ఉందో తెలుసుకోవాలని కోరుకొంటారని, ఆ సమాచారం ఒక్కచోట లేక చెదిరి ఉన్నదని ఆయన గ్రహించారు. 1990లో ఉద్యోగం విడిచిపెట్టి, తండ్రి ఇంటి గ్యారేజీపైన పనివారి కోసం కట్టిన గదిలో ఒక భాగస్వామితో కలిసి చిన్న సంస్థను ప్రారంభించారు.

తరువాతి ఆరేళ్లలో చెప్పుకోదగిన విజయమేదీ లేదు. కొత్తగా చేరేవారికి ఏ కంపెనీ ఎంత జీతమిస్తుందో సర్వే చేసి, ఆ నివేదికలను కంపెనీలకు అమ్మేవారు. మందుల వ్యాపారచిహ్నాల వివరాలు సేకరించి, అవసరమైన కంపెనీలకు అందించేవారు. ఆ రోజులలో టెలికమ్యూనికేషన్ల శాఖ టెలిఫోన్ తీగల ద్వారా తెరలపైకి సమాచారం పంపే వీడియోటెక్స్ పథకం తలపెట్టగా, ఉద్యోగాల సమాచారాన్ని అందిస్తామని వారు ప్రతిపాదన పంపారు. అది అంగీకారం పొందింది కాని పథకం ఆచరణలోకి రాలేదు. 1993లో భాగస్వాములు విడిపోయారు. ఇల్లు గడవడానికి బిఖ్‌చందానీ 'పయనీర్' దినపత్రికలో ఉద్యోగావకాశాల అనుబంధానికి సలహా సంపాదకుడుగా పనిచేశారు.

దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ సేవలను ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. మరుసటి ఏడాది అక్టోబరులో ప్రగతి మైదానంలో జరిగిన ఐటీ ఏషియా ప్రదర్శనలో, ఈ-మెయిల్ ఖాతాలు అమ్మే ఒక దుకాణం దగ్గర ఆయన మొదటిసారిగా ఇంటర్నెట్‌ను చూశారు. వెబ్‌సైట్ పెట్టాలంటే సర్వర్లు అమెరికాలో ఉన్నాయని తెలిసి, అక్కడ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉన్న అన్నగారికి ఫోన్ చేశారు. నెలకు 25 డాలర్ల అద్దెకు సర్వర్‌లో చోటు దొరికింది. పత్రికలలో వచ్చిన ఉద్యోగ ప్రకటనలను ఏరి, ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి ఎక్కించి, 1997 మార్చిలో 'నౌకరీ డాట్ కామ్'ను ప్రారంభించారు. మొదటి సంవత్సరం ఆదాయం సుమారు 2.35 లక్షల రూపాయలు, రెండవ సంవత్సరం సుమారు 18 లక్షలు. నోయిడా కేంద్రంగా ఎదిగిన ఇన్ఫో ఎడ్జ్ సంస్థ 2006 నవంబరులో స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదయింది. గ్యారేజీపై గది నుంచి అక్కడికి పట్టిన కాలం 16 ఏళ్లు.

ఇటువంటి కథను చెప్పేవారు సాధారణంగా ఇక్కడ ఆగి, ఓర్పు ఉంటే సాధించలేనిది లేదని నీతి చెబుతారు. ఆ నీతి వినసొంపుగా ఉంటుంది కాని విచారణకు నిలవదు. ఆ ఆరేళ్లలోనే ఢిల్లీ నగరంలో చిన్న సంస్థలు పెట్టి, అంతే ఓర్పుతో నిరీక్షించి, చివరికి తలుపులు మూసుకొన్నవారు ఎందరో ఉండి ఉంటారు. ఫలితాన్ని చూసి గుణాన్ని నిర్ణయిస్తే, గెలిచినవాని పట్టుదల ఓర్పు అవుతుంది, ఓడినవాని పట్టుదల మూర్ఖత్వమవుతుంది. ఆ ప్రదర్శనకు బిఖ్‌చందానీ వెళ్లకపోయి ఉంటే, అంతకుముందటి ఆరేళ్లు గుణం నుంచి దోషంగా మారిపోతాయా? అలా మారేదైతే దానిని గుణమని కాక అదృష్టమని పిలవడం న్యాయం. కాబట్టి ఫలితంతో సంబంధం లేని గీటురాయి ఒకటి కావాలి.

అటువంటి గీటురాయి భారతీయ చింతనలో లేకపోలేదు. వివేకచూడామణి తితిక్షను నిర్వచిస్తూ, దుఃఖాలను ప్రతిక్రియకు పూనుకోకుండా, చింతించకుండా, విలపించకుండా సహించడమని చెప్పింది. అది ముముక్షువు మార్గం. కుటుంబాన్ని పోషించవలసిన గృహస్థు, అప్పు తీర్చవలసిన వర్తకుడు ప్రతిక్రియ మానుకోలేరు, మానుకోరాదు కూడా. వారికి దగ్గరగా ఉన్నది భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయంలోని ధృతి విచారం. అక్కడ ధృతి మూడు విధాలు. మనస్సు, ప్రాణం, ఇంద్రియాల వ్యాపారాలను చెదరకుండా నిలిపేది సాత్త్వికం. ఫలాపేక్షతో ధర్మార్థకామాలను పట్టుకొని ఉండేది రాజసం. నిద్రను, భయాన్ని, శోకాన్ని, విషాదాన్ని, మదాన్ని వదలలేకపోవడం తామసం. ఇందులోని సూక్ష్మం గమనింపదగినది. పట్టు విడవకపోవడం మూడింటిలోనూ ఉంది. అంటే పట్టుదల తనంతట తానుగా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దేనిని పట్టుకొన్నారన్నదే ప్రశ్న.

ఈ కొలతతో చూస్తే వ్యాపారి ఓర్పు రాజసమే. అందులో దాచవలసినది ఏమీ లేదు. లాభం కోరి చేసే పనిని నిష్కామమని చెప్పుకోవడం కపటమవుతుంది. ప్రమాదమంతా రాజసం తామసంగా దిగజారడంలో ఉంది. పనికిరాని పద్ధతిని మానుకోలేక, చేసిన ఖర్చును మరచిపోలేక, నలుగురి మాటకు భయపడి అక్కడే ఉండిపోయినవాడు కూడా తనను ఓర్పు గలవాడుగానే భావించుకొంటాడు. ఈ రెంటినీ వేరుచేసేది నేర్చుకోవడం. జీతాల సర్వే, వ్యాపారచిహ్నాల సేకరణ, ఫలించని వీడియోటెక్స్ ప్రతిపాదన అన్నీ వేరువేరు పనులుగా కనిపించినా, చెదిరిన సమాచారాన్ని ఒక్కచోట చేర్చితే దానికి విలువ కలుగుతుందన్న ఒకే పాఠాన్ని నేర్పాయి. పద్ధతి మారుతూ వచ్చింది, ప్రశ్న మారలేదు. 1996లో ప్రదర్శనకు వచ్చిన వేలమందికి ఇంటర్నెట్ ఒక వింతగా కనిపించి ఉండవచ్చు. ఆరేళ్లుగా ఒకే ప్రశ్నతో తిరుగుతున్న మనిషికి అది సమాధానంగా కనిపించింది. ఆ సమాధానం దొరకకపోయినా, నేర్చుకొన్న పాఠం నేర్చుకొన్నట్లే ఉండేది. ఓర్పు గుణమయ్యేది అక్కడే.

2000 సంవత్సరం ఇందుకు మరొక పరీక్ష పెట్టింది. ఆ ఏడాది ఐసీఐసీఐ వెంచర్ నుంచి సంస్థకు సుమారు 7.3 కోట్ల రూపాయల పెట్టుబడి లభించింది. ఇంచుమించు ఆ రోజులలోనే అమెరికాలో ఇంటర్నెట్ కంపెనీల షేర్లు కుప్పకూలాయి. వచ్చిన డబ్బును ఆర్భాటాలకు వెచ్చించిన సంస్థలెన్నో నామరూపాలు లేకుండా పోయాయి. ఇన్ఫో ఎడ్జ్ ఆ సొమ్మును బ్యాంకు డిపాజిట్లలో ఉంచి, అవసరమైనంత మేరకే వాడుకొన్నది. లేమిలో ఓర్పు వహించడం కొంతవరకు పరిస్థితుల బలవంతం. చేతిలో ధనం ఉన్నప్పుడు వహించే ఓర్పే స్వభావాన్ని బయటపెడుతుంది.

అయినా ఈ విచారం ఇంతటితో ముగియదు. తొలి ఏళ్లలో ఆదాయం లేకుండా ఆ ఇల్లు ఎలా గడిచింది? నెస్లే కంపెనీలో పనిచేస్తున్న తన భార్య జీతం ఉండబట్టే అది సాధ్యమైందని బిఖ్‌చందానీ స్వయంగా పలుమార్లు చెప్పారు. కార్యాలయానికి చోటు తండ్రి ఇంట్లో దొరికింది. సర్వర్ అద్దెకు అన్నగారి సహాయం దొరికింది. అంటే ఓర్పుకు కూడా పెట్టుబడి కావాలి. ఆ పెట్టుబడి లెక్కల పుస్తకాలలో కనిపించదు. ఎవరో ఒకరి జీతంలో, ఎవరో ఒకరి ఇంటిలో, ఎవరో ఒకరి మౌనంలో ఉంటుంది. సామెత 'ఓర్చినవానికి' అని కాక 'ఓర్చినమ్మకు' అని చెప్పడం కేవలం ప్రాస కోసం కాదేమో. కుటుంబంలో ఒకరు సాహసిస్తే, ఆ సాహసానికి కావలసిన ఓర్పును మరొకరు సమకూరుస్తారు. తేటనీరు వచ్చాక లోకం కడవ ఎత్తినవానినే చూస్తుంది.

ఈ సత్యం ఢిల్లీలోని తెలుగువారికి కొత్తది కాదు. సివిల్ సర్వీసు పరీక్షల కోసం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చి, రాజేంద్రనగర్ ఇరుకుగదులలో రెండేళ్లు, నాలుగేళ్లు చదువుకొనే యువకుల ఓర్పు నిజానికి వారి ఊళ్లలో మొదలవుతుంది. ఎకరం పొలం అమ్మిన తండ్రి, పెళ్లి వాయిదా వేసుకొన్న చెల్లెలు, బంగారం తాకట్టు పెట్టిన తల్లి ఆ నిరీక్షణలో భాగస్వాములు. వారి సమ్మతి అడిగి తీసుకొన్నదా, లేక అడగకుండానే అనుకొన్నదా అన్నది చిన్న ప్రశ్న కాదు. ఇతరుల ఖర్చుతో వహించే ఓర్పు, వారికి తెలిసి, వారు ఇష్టపడి భరించినప్పుడే నిర్దోషమవుతుంది.

ఇష్టపడి వహించే ఓర్పు ఉన్నట్లే, తప్పనిసరై వహించే ఓర్పు కూడా ఉంది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు నమోదు చేసుకొని, కార్డును గడువు దాటకుండా రెన్యూవల్ చేయించుకొంటూ, రాని ఇంటర్వ్యూ ఉత్తరం కోసం ఎదురుచూసిన తరం తెలుగునాట ప్రతి వీధిలోనూ ఉండేది. వారి నిరీక్షణను ఎవరూ సుగుణంగా పొగడలేదు. వారికి వేరే దారి లేదు. నిరీక్షించే స్తోమత ఉన్న ఒక మనిషి నిర్మించిన సాధనం, నిరీక్షించే స్తోమత లేనివారికి ఉపయోగపడటంలో ఒక న్యాయం ఉంది. అయితే ఆ న్యాయం అసంపూర్ణం. కంప్యూటర్, ఇంగ్లీషు చదువు అందుబాటులో ఉన్నవారికే ఆ తలుపు ముందుగా తెరుచుకొన్నది. ఓర్పు కలిగి ఉండమని పేదవానికి బోధించే ముందు, అతనికి ఓర్చుకోవడానికి వ్యవధి ఉన్నదా అని అడగవలసిన బాధ్యత బోధించేవారిది.

ఒకరి ఓర్పు మరికొందరి త్యాగంపై నిలిచినప్పుడు, విజయం ఋణంగా మారుతుంది. ఆ ఋణాన్ని తీర్చే మార్గాలలో ఒకటి, తనకు దొరికిన వ్యవధిని ఇతరులకు దొరికేలా చేయడం. ఢిల్లీలోనే 2008లో మొదలై తరువాత జొమాటోగా పేరు మార్చుకొన్న చిన్న సంస్థలో ఇన్ఫో ఎడ్జ్ 2010లో పెట్టుబడి పెట్టింది. ఆ సంస్థ స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదయింది 2021లో. అది లాభం కోరి పెట్టిన పెట్టుబడే. అయినా పదకొండేళ్లు ఆగగలిగిన పెట్టుబడి. వర్తకుడు చేయగలిగినది అంతవరకు. భార్య జీతం, తండ్రి ఇల్లు, విదేశంలో అన్న లేని యువతీ యువకులకు అటువంటి వ్యవధిని సమకూర్చవలసినవి విద్యార్థి వేతనాలు, గ్రంథాలయాలు, ఒకసారి విఫలమైనవారికి మరొక అవకాశమిచ్చే బ్యాంకులు, చట్టాలు. చెలమ తవ్వే చేవ ఎందరికో ఉంటుంది. నీరు తేటపడేవరకు ఒడ్డున కూర్చోగల తీరిక కొందరికే ఉంటుంది. ఆ తీరికను మరికొందరికి పంచగలిగిన సమాజమే ఓర్పును సుగుణమని చెప్పడానికి అర్హత సంపాదించుకొంటుంది.