దేవుడి ఫొటో డిలీట్ చేస్తే పాపమా?

లాప్‌టాప్ నిండిపోయిందని సర్దడం మొదలుపెట్టిన చాలామంది ఒకచోటికి వచ్చి ఆగిపోతారు. పాత సినిమాలు తీసేస్తారు, కాలేజీ నాటి ప్రాజెక్టులు తీసేస్తారు. వెంకటేశ్వరస్వామి ఫొటోతో "శుభ శనివారం" వచ్చేసరికి వేలు డిలీట్ మీదే ఉండిపోతుంది. ఫోన్ బ్యాకప్‌తో పాటు వచ్చి చేరినవి ఒకటీ రెండూ కాదు, వందలు. తీసేస్తే పాపం వస్తుందా అని నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది పాతికేళ్ల లోపువాళ్లే. ఈ భయాన్ని చూసి నేను నవ్వను. భక్తి ఉంది కాబట్టే ఆ వేలు ఆగింది.

దీనికి సమాధానం మన పూజలోనే ఉంది. ఏ పూజకైనా ముందు పసుపు ముద్దతో గణపతిని చేస్తాం. ఆవాహన చేస్తాం, అంటే స్వామిని రమ్మని పిలుస్తాం. ధూపం, దీపం, ఒక బెల్లం ముక్క. ఆ పూజ అవ్వగానే ఉద్వాసన చెబుతాం, ఇక మీ స్థానానికి వెళ్లి రండి స్వామీ అని. తర్వాత ఆ పసుపును నీళ్లలో కలిపి చెట్టు మొదట్లో పోస్తాం. చవితి నాటి మట్టి వినాయకుడూ అంతే. తొమ్మిది రోజులు కొలిచి మన చేతులతోనే నీళ్లలో కలుపుతాం. అప్పుడు ఎవరికీ పాపం గుర్తుకురాదు. రూపం కరిగింది గానీ స్వామి ఎక్కడికీ పోలేదని తెలుసు. ఫార్వర్డ్‌లో వచ్చిన ఫొటోకి మనం ఆవాహన కూడా చెయ్యలేదు కదా! పొద్దున్నే చూశారు, దణ్ణం పెట్టుకున్నారు, దాని పని అయిపోయింది. మనసు ఒప్పుకోకపోతే ఇంకోసారి దణ్ణం పెట్టి తీసేయండి.

నా బాధ వేరే. ఆ వందల ఫొటోల కింద ఏం పడి ఉందో చూస్తున్నామా?

మా బంధువుల అబ్బాయి ఒకడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. అమ్మమ్మ సంవత్సరీకానికి ఇంటికి వచ్చినప్పుడు వాళ్లమ్మ అడిగింది, "వరలక్ష్మీ వ్రతం రోజు అమ్మ పాడిన హారతి రికార్డు చేశావు కదరా, ఒకసారి పెట్టు" అని. ఉంది, డౌన్‌లోడ్స్‌లో ఎక్కడో ఉంది. దాని పేరేమో "ఏయూడీ 20190809". అలాంటి పేర్లే వరసగా రెండొందలు. రాత్రి రెండింటి దాకా ఒక్కొక్కటీ నొక్కుతూ కూర్చున్నాడు. నొక్కినప్పుడల్లా ఎవరిదో గొంతు, ఆవిడది కాదు. తల్లి పక్కనే కూర్చుని ఉంది. చివరికి దొరికింది లెండి.

అన్నమయ్య పాటలు మనకెలా దక్కాయో తెలుసు కదా. 32,000 సంకీర్తనలు పాడారని చెబుతారు. వాటిని రాగిరేకుల మీద చెక్కించారు. ఊరికే చెక్కి పడెయ్యలేదు. అధ్యాత్మ సంకీర్తనలు వేరు, శృంగార సంకీర్తనలు వేరు. పాట మీద రాగం పేరు. తిరుమల గుళ్లో వాటికోసం ప్రత్యేకంగా ఒక అర, దాని పేరు సంకీర్తన భాండారం. తర్వాత వందల ఏళ్లు లోకం వాటిని మరిచిపోయింది. 20వ శతాబ్దంలో బయటికి తీసేసరికి మిగిలినవి సగం కూడా లేవు. కానీ మిగిలినది ఎవరి పాట, ఏ రాగం అని వెతుక్కోవాల్సిన పని పడలేదు. పాడిన వరస మాత్రం రేకుల మీద లేదు, అది పోయింది. ఇవాళ మనం వినే చాలా పాటలకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటి పెద్దలు కొత్తగా వరసలు కట్టారు. అమ్మమ్మ హారతికి వరస కట్టడానికి ఎవరొస్తారు?

అందుకని ముందు పేరు పెట్టండి. ఎవరు పాడారు, ఏం పాడారు, ఏ ఏడు, ఏ ఊరు. "అమ్మమ్మ, లక్ష్మీ హారతి, 2019, కాకినాడ". అంతే. ఫోల్డర్లు మరీ ఎక్కువ వద్దు. ఇంట్లోవాళ్ల గొంతులకి ఒకటి, రోజూ చదివే స్తోత్రాలకి ఒకటి, ప్రవచనాలకి ఒకటి చాలు. విష్ణు సహస్రనామం పీడీఎఫ్‌లు ఏడుంటే ఆరు తీసేయండి, ఏడు కాపీలున్నాయని ఏడుసార్లు చదివినట్టు కాదు. ఆయుధపూజ రోజు లాప్‌టాప్ మూత మీద ఎంత శ్రద్ధగా బొట్టు పెడతామో, మూత తెరిచాక కూడా అంత శ్రద్ధ ఉంటే బావుంటుందని నా ఆశ.

ఇంకో మాట. వేదాన్ని నాలుగుగా విభజించినందుకే కృష్ణద్వైపాయనుడికి వ్యాసుడని పేరు. విభజించి తన దగ్గరే దాచుకోలేదాయన. ఋగ్వేదం పైలుడికి, యజుర్వేదం వైశంపాయనుడికి, సామవేదం జైమినికి, అథర్వవేదం సుమంతుడికి అప్పగించాడు. వాళ్లు తమ శిష్యులకి అప్పగించారు. మీరూ ఆ హారతిని ఒక్క లాప్‌టాప్‌లో ఉంచకండి, హార్డ్ డిస్క్ చెప్పి పోదు. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, అక్కకి ఒకటి, పిన్నివాళ్ల పిల్లలకి ఒకటి. ఈ ఆదివారం ముందు ఆ పని చూడండి, శుభ శనివారాల సంగతి తర్వాత.