పాతవారికిని క్రొత్తవారికిని ఒకే కట్టడ

వాక్యభాగములు: లేవీయకాండము 19:33, 34, అపొస్తలుల కార్యములు 6:1–7



 ప్రభువు కృపచేత చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో మన సంఘములు వేరుపారి నిలిచియున్నవి. ఇండ్లు కట్టుకొంటిమి, బిడ్డలను చదివించుకొంటిమి, కన్నడము మాటలాడుట నేర్చుకొంటిమి. ఇట్లు స్థిరపడిన వారితోనే ఈ మాసము కొన్ని మాటలు చెప్పగోరుచున్నాము. పరదేశిని గూర్చి దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ ఇచ్చినది వారు అరణ్యమందు ప్రయాణము చేయుచుండగా. అయితే ఆ ఆజ్ఞ నెరవేర్చవలసినది వారు కనానులో పొలములు పంచుకొని స్థిరపడిన తరువాత. ఇల్లు లేనివానికి అతిథిని గూర్చిన ఆజ్ఞ ఎందుకు? తలుపు ఉన్నవానికే అది కావలెను.

1. ఈ నేలమీద పరదేశి ఎవరు?

మన ప్రాంతమందు ఈ ప్రశ్నకు జవాబు సులభము కాదు. బాగేపల్లి, చింతామణి తాలూకాలలో తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా ఉన్నవి. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరుగకమునుపే వారు ఇక్కడ సేద్యము చేయుచుండిరి. 2007 వరకు ఇది కోలారు జిల్లా, తరువాత చిక్కబళ్ళాపురము జిల్లా ఆయెను. పేర్లు మారినను సంతలోని భాష మారలేదు. నందికొండల ప్రాంతమందు పుట్టిన పెన్నానది ఏ చెక్‌పోస్టునందును ఆగక నెల్లూరు మీదుగా సముద్రమునకు పోవుచున్నది. ఆ నెల్లూరులోనే 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు తెలుగువారి మధ్య స్థిరముగా పని మొదలుపెట్టిరి. మన విశ్వాసపు బీజము కూడ పొరుగు దేశస్థులు మోసికొని వచ్చినదే.

అదే నేలమీదికి నేడు మరికొందరు వచ్చుచున్నారు. కదిరి, గోరంట్ల, హిందూపురము వైపునుండి కూలిపనులకు వచ్చువారున్నారు. ఒడిశా, బీహారు, జార్ఖండ్ నుండి కట్టడపు పనులకు, కోళ్ళఫారములకు, క్వారీలకు వచ్చు యౌవనస్థులున్నారు. 2023 అక్టోబరు 26న ఉదయము చిక్కబళ్ళాపురము దగ్గర జాతీయ రహదారిమీద, నిలిచియున్న ట్యాంకరును ఒక వాహనము ఢీకొని 13 మంది మరణించిరి. పండుగకు స్వగ్రామములకు వెళ్ళి తిరిగి బెంగళూరు పనులకు పోవుచున్న ఆంధ్ర కూలీలు వారిలో అనేకులు. మన గుమ్మముల ముందరి దారిమీద ప్రతి సోమవారము అట్టి వాహనములు పోవుచునే యున్నవి. అందులో కూర్చున్నవారు మనకు ఏమగుదురు? ప్రభువు చెప్పిన మంచి సమరయుని ఉపమానమును ఎరిగినవారము గనుక ఈ ప్రశ్నను తప్పించుకొనలేము.

2. ప్రభుత్వపు తలుపు

మన రాజ్యాంగములోని 19వ అధికరణము దేశమంతట తిరుగుటకును, ఎక్కడనైనను నివసించుటకును పౌరులకు స్వేచ్ఛ ఇచ్చుచున్నది. 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో దొరకునట్లు చూడుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము అట్టి కూలీలు అయిదుగురు ఉన్న పనిస్థలమునకును వర్తించెడిది. దాని స్థానమున వచ్చిన కార్మిక కోడు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. అందులో ఆ సంఖ్య పది. అనగా నలుగురైదుగురు మాత్రమే పనిచేయు తోటలోని కూలీకి ఆ భాగము నీడనివ్వదు. అట్టివానికి యజమాని మనస్సాక్షియే చట్టము. మీలో తోటలు గలవారు, మేస్త్రీలు, కాంట్రాక్టర్లు ఉన్నారు. యాకోబు పత్రిక 5వ అధ్యాయము 4వ వచనము తీసి చదువుకొనుడి. పట్టియుంచిన కూలి మౌనముగా ఉండదనియు, కోతవారి కేకలు దేవుని చెవులలో పడుననియు అక్కడ ఉన్నది.

స్థానికులకే ఉద్యోగములు అను మాట మీరు వినియుందురు. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గము ఒక బిల్లును ఆమోదించెను. ప్రైవేటు సంస్థలలో మేనేజిమెంటు ఉద్యోగములలో 50 శాతము, తక్కినవాటిలో 70 శాతము స్థానికులకు ఇయ్యవలెనని దాని తాత్పర్యము. ఆ నెలలోనే దానిని నిలిపివేసిరి. ఆ దినములలో తెలుగు ఇండ్లలో భయము పుట్టెను. అయితే ఆంధ్రప్రదేశ్ 2019లోనే 75 శాతము స్థానికులకని చట్టము చేసినది. హర్యానా చేసిన అట్టి చట్టమును 2023లో అక్కడి హైకోర్టు కొట్టివేసెను. ఇతరుల కొలత మనకు కఠినమనిపించినప్పుడు మన చేతిలోని కొలతను కూడ చూచుకొనవలెను.

2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము క్రొత్త హెచ్-1బి వీసాలకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు ఎన్నో తెలుగు ఇండ్లలో కన్నీటి ప్రార్థనలు జరిగెను. బిడ్డలకొరకు ప్రార్థించుట తగినదే. డల్లాసులో మన బిడ్డకు తలుపు తెరువబడవలెనని మోకరించు తల్లి, తన వీధిలో ఇల్లు అద్దెకు దొరకక తిరుగుచున్న ఒడిశా బిడ్డ కొరకు కూడ ఒక మాట ప్రార్థించవలెను. ఇద్దరి తల్లులును ఒకే దేవునికి మొఱపెట్టుచున్నారు.

వచ్చినవారికి కూడ బాధ్యత గలదు. యిర్మీయా 29వ అధ్యాయములో బబులోనుకు చెరగొనిపోబడిన వారికి ప్రవక్త వ్రాసిన ఉత్తరమును జ్ఞాపకము చేసికొనుడి. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించుడి అనునది దాని సారాంశము. కన్నడము నేర్చుకొనుట తెలుగును విడుచుట కాదు. ఆసుపత్రిలోను, తహశీల్దారు కచేరీలోను, పిల్లల బడిలోను పొరుగువానితో కలిసి నిలుచుటకు అది మార్గము. కలిసిపోవుట అనగా కరిగిపోవుట కాదు. ఒకరి క్షేమము ఒకరికి పట్టుట.

3. సంఘపు తలుపు

ప్రభుత్వపు తలుపు మన చేతిలో లేదు. సంఘపు తలుపు మన చేతిలోనే ఉన్నది. బాప్టిస్టు సంఘమునకు సభ్యత్వపు పట్టీ ఉన్నది, బదిలీ పత్రము ఉన్నది, సంఘ కూటములో ఓటు ఉన్నది, సమాధుల స్థలము ఉన్నది. ఇవి మన వీసాలు, మన సరిహద్దులు.

వీటిని తీసివేయుమని మేము చెప్పుటలేదు. మారుమనస్సు పొంది, నీటిలో ముంచబడి బాప్తిస్మము తీసికొనినవారే సభ్యులని నమ్ముచున్నాము. బదిలీ పత్రము ఆ సాక్ష్యము కొరకే పుట్టినది. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో వేలమందికి కూలి దొరకునట్లు చేసిరి గాని, అన్నము కొరకు ఎవరును విశ్వాసులమని చెప్పకుండునట్లు ఆ కాలమందు బాప్తిస్మములు ఆపిరి. కరవు తీరిన పిమ్మట 1878 జూలై 3న వెలుంపిల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నమునకు షరతు పెట్టలేదు, సాక్ష్యమును తగ్గించలేదు. తలుపును కాయు సరియైన పద్ధతి ఇదే.

అయితే పత్రము సాక్ష్యమును గాక ఊరును, కులమును, బంధుత్వమును అడుగుటకు మొదలిడినయెడల అది క్రీస్తు తలుపు కాదు. “మీది ఏ ఊరు? మీరు ఎవరి తాలూకు?” అను ప్రశ్న కొన్నిసార్లు ఊరు తెలిసికొనుటకు కాదని మీరెరుగుదురు. పదేండ్లుగా వెనుక వరుసలో కూర్చుండు కూలి కుటుంబమునకు పత్రము రాలేదని బల్ల దూరమైనయెడల, ఆ ఇంట మరణము సంభవించినప్పుడు సమాధికి స్థలము లేదని చెప్పినయెడల, ఎఫెసీయులకు 2:19 మన గోడమీద వ్రాసికొని ప్రయోజనమేమి?

“ఆరు నెలలకు పోవువారికి ఓటు ఎందుకు, స్థలము చాలదు గదా” అని పెద్దలు అడుగుదురు. ఆ కష్టము నిజమే. యెరూషలేము సంఘమునకు కూడ అట్టి కష్టమే వచ్చెను. గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రు అనుదిన పంపిణీలో విడువబడిరని సణుగు పుట్టెను. అపొస్తలులు వారి నోరు మూయలేదు. మీరు నిన్న మొన్న వచ్చినవారు అనలేదు. ఏడుగురిని ఏర్పరచుమనిరి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు: ఈ పేర్లన్నియు గ్రీకు పేర్లే. నీకొలాసు అంతియొకయవాడు, యూదుల మతములో క్రొత్తగా చేరినవాడు. అనగా ఫిర్యాదు చేసిన వైపువారి చేతికే పంపిణీ అప్పగింపబడెను. ఆ తరువాతి వచనములోనే వాక్యము వ్యాపించెననియు, శిష్యుల సంఖ్య విస్తరించెననియు ఉన్నది. తలుపు తెరచుట వలన ఆ సంఘము చెదరలేదు.

మన చరిత్రలోను ఇట్టిది ఉన్నది. 1860 మొదలుకొని 1911 వరకు నేటాలు చెరకు తోటలకు కూలి ఒప్పందముపై పోయిన భారతీయులలో తెలుగువారనేకులు. ఒప్పందము తీరిన తరువాత అక్కడ నిలిచినవారిపై సంవత్సరమునకు మూడు పౌనుల తలపన్ను 1895 నాటి చట్టముచేత వేసిరి. 1914 వరకు అది తొలగలేదు. ఆ చెదరినవారి కొరకు మన తెలుగు బాప్టిస్టు సంఘములు 1903లో జాన్ రంగయ్య గారిని నెల్లూరు నుండి పంపెను. ఆ సంవత్సరమే కీర్స్‌నీ తేయాకు తోట యొద్ద సంఘము కూడెను. ప్రభుత్వము తలకు వెల కట్టిన చోట సంఘము తలలను పేరుపెట్టి పిలిచెను.

4. ఈ సంవత్సరము చేయదగినవి

పత్రము తెప్పించుకొనలేని విశ్వాసిని డీకన్లు కూర్చుండబెట్టి సాక్ష్యము విని, మూడు నెలలలోగా జవాబు చెప్పుడి. సంఘమున కూడుకొనువాడు ఎవడైనను మరణించినయెడల పట్టీ చూడక సమాధికి స్థలమియ్యుడి. క్రొత్తవారిలో ఇద్దరికైనను కమిటీలో చోటియ్యుడి. ఒకే దేశము ఒకే రేషను కార్డు పథకము 2022 నాటికి అన్ని రాష్ట్రములకు వచ్చినది గనుక, సొంత ఊరి కార్డుతో ఇక్కడ బియ్యము తీసికొనవచ్చునని తెలియనివారికి యౌవనస్థులు తెలియజెప్పి డిపో వరకు తోడు వెళ్ళుడి. ఆదివారము సాయంకాలము ఒక గంట కన్నడ అక్షరములు నేర్పుడి. అన్నిటికంటె ముందు, ఆరాధన ముగిసినప్పుడు వెనుక వరుసకు మీరే నడిచి వెళ్ళి, అన్నా అని, అక్కా అని పలుకరించుడి.

మన ప్రభువు తన శిశుత్వమందే తల్లి ఒడిలో సరిహద్దు దాటి ఐగుప్తుకు పోయెను. అక్కడ ఎవరో ఒకరు తలుపు తీసియుండవలెను. ఆ యింటివారి పేరు వ్రాయబడలేదు గాని, వారు చేసినది ఎవరికి చేసిరో మత్తయి 25వ అధ్యాయము మనకు చెప్పుచున్నది.

పరదేశులను కాపాడు దేవుడు మీ గృహములను, మీ సంఘములను, మీ వీధులలోనికి వచ్చినవారిని దీవించును గాక. ఆమేన్.