దాసోహమునకు ధ్రువపత్రమా?

కల్యాణమున బిజ్జలుని భాండాగారము బసవేశ్వరుని అధీనమున నుండెను. రాజధనమును జంగములకు ధారపోయుచున్నాడని కొందరు రాజునకు విన్నవించిరి. బిజ్జలుడు లెక్క యడిగెను. బసవేశ్వరుడు కోపగింపలేదు. ఇది భక్తికార్యము, దీనికి లెక్క యేమియని తప్పించుకొనను లేదు. పెట్టెలు తెరపించి లెక్కింపజేసెను. ధనమున కొరత కనబడలేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన ఈ కథను విన్నపుడు భక్తులు మహిమకు చేతులు జోడింతురు. జోడింపవలసినదే. కాని మహిమకు ముందొక చిన్న సంగతి గలదు. లెక్క చెప్పినవాడు బసవేశ్వరుడు. అన్నము తిన్న జంగములను రాజసభకు పిలిపించి, వరుసగా నిలువబెట్టి, నీవు నిజముగా జంగముడవేనా యని అతడు అడిగింపలేదు.

2025లో ఆంధ్రప్రదేశమున వికలాంగుల పింఛనుపై చెలరేగిన వాదమును చూచినవారికి ఈ సంగతి జ్ఞప్తికి రావలెను. 2024 జూలైలో రాష్ట్రప్రభుత్వము ఆ పింఛనును నెలకు 3000 రూపాయల నుండి 6000కు పెంచినది. మంచము విడువలేని వారికి 15000 చేసినది. ఇది హర్షింపదగిన పెంపు. పిమ్మట 2025 జనవరి నుండి పింఛనుదారులను వైద్యులచే మరల పరీక్షింపజేసిరి. వైకల్యము 40 శాతమునకు తక్కువయని తేలినవారికి పింఛను నిలిచిపోవునని ఆగస్టులో నోటీసులు వెళ్లినవి. నిరసనలు చెలరేగినవి. అనర్హులు అక్రమపత్రములతో ప్రజాధనము తినుచున్నారని అధికారపక్షము, అర్హుల నోటి ముద్ద లాగుకొనుచున్నారని ప్రతిపక్షము పలికినవి. తుదకు అప్పీలు చేసికొన్నవారికి మరల పరీక్ష జరుగునని, అంతవరకు పింఛను ఆగదని ప్రభుత్వము ప్రకటించినది.

ఈ వాదమునకు వేరు రాజ్యాంగముననే కలదు. నిరుద్యోగము, వార్ధక్యము, రోగము, అంగవైకల్యము ప్రాప్తించినవారికి రాజ్యము తన ఆర్థికశక్తి మేరకు సహాయము చేయవలెనని 41వ అధికరణము చెప్పుచున్నది. ‘శక్తి మేరకు’ అను ఆ మాట సందుననే రాజకీయము ప్రవేశించును. కేంద్రప్రభుత్వ పథకము 80 శాతము వైకల్యము గల పేదలకు 2012 నుండి నెలకు 300 రూపాయలు మాత్రమే ఇచ్చుచున్నది. తక్కినదంతయు రాష్ట్రముల దయ. కావుననే ఆంధ్రప్రదేశమున 2014లో 1000, అందును 80 శాతము దాటినవారికి 1500, 2019లో 3000, 2024లో 6000 అనుచు, తెలంగాణమున 2023లో 3016 నుండి 4016 అనుచు, ఈ అంకె ఎన్నికల వేదికలపై వేలముపాట వలె పెరిగినది. పెరుగుట దోషము కాదు. ఇచ్చినవాడు నేనిచ్చితినని చాటుకొనుటలోనే బసవమార్గమునకు విరోధమున్నది. దానమున ఇచ్చువాని చేయి పైన నుండును. దాసోహమన్న మాటకు అర్థమే ‘నేను దాసుడను’ అని. అక్కడ ఇచ్చువాడు సేవకుడు, పుచ్చుకొనువాడు ప్రభువు.

ఇక 40 శాతము మాట. 1995 చట్టము ఏడు విధముల వైకల్యములను గుర్తించినది. 2016 చట్టము ఆ సంఖ్యను 21కి పెంచినది. ఇతరులకిచ్చు సాంఘిక భద్రతా సహాయముకంటె వికలాంగులకు కనీసము 25 శాతము అధికముగా ఇయ్యవలెనని 24వ సెక్షను చెప్పినది. కాని అర్హతకు గీటురాయి 40 శాతముననే నిలిచినది. ఎక్కడనో ఒక గీత గీయక ప్రభుత్వము నడువదు, నిజమే. అయినను 40 వచ్చినవాని కాలికంటె 39 వచ్చినవాని కాలు ఎంత బలమైనది? ఒక వైద్యుడు 45 అనినచోట మరియొకడు 35 అనవచ్చును. మనోవైకల్యము గల బిడ్డ ఒకనాడు చెప్పినమాట విని కూర్చుండును, మరునాడు తల్లిని సైతము గుర్తింపదు. పరీక్ష మాత్రము ఒక్కనాటిదే. వికలాంగుడను మాట మార్చి దివ్యాంగుడనిరి. పేరు దివ్యమైనది గాని ఆసుపత్రి మెట్లు మునుపటివే.

దొంగపత్రములు లేవా యని యడిగినచో, ఉన్నవనియే చెప్పవలెను. దళారికి రొక్కమిచ్చి సదరం ధ్రువపత్రము సంపాదించిన దృఢకాయులు లేరనుట ఆత్మవంచన. దీనికి సోమనాథుడే మరియొక కథ చెప్పియున్నాడు. బసవేశ్వరుని యింట లింగధారులకు జరుగు ఆదరము చూచి కొందరు చోరులు వంకాయలను గుడ్డలలో చుట్టి మెడలో వ్రేలాడదీసికొని ప్రవేశించిరి. బసవేశ్వరుడు వారికి లింగధారులకు చేయు మర్యాదయే చేసెను. పూజవేళ గుడ్డలు విప్పి చూడగా వంకాయలు లింగములైయుండెను! నేటి అధికారి ఈ కథను చూపి కన్ను మూసికొనరాదు. అతని చేతిలోని ధనము అతనిది కాదు, మహిమ యొనర్చు శక్తియు అతనికి లేదు. అనర్హునికి పోయిన ఆరువేలు మరియొక అర్హునికి అందక పోవచ్చును. కాని కథ నేర్పు మర్యాద అధికారికిని వర్తించును. వచ్చినవానిని ముందుగా దొంగయని భావింపక, ముందుగా శరణుడని భావించి ఆ తరువాత విచారింపవలెను. విచారణ భారము ఎవరిమీద పడవలెనో బిజ్జలుని కథయే చెప్పినది. అక్రమపత్రముపై ముద్ర వేసిన చేయి ఏదో కార్యాలయపు దస్త్రములలో తెలియును. దానిని వెదకుటకు మూడుచక్రముల బండివానిని జిల్లా ఆసుపత్రికి రప్పింపనక్కరలేదు.

శరణబంధువులలో కొందరు ఆయ్దక్కి మారయ్య కథను ఎత్తి వాదింతురు. రాలిన బియ్యపుగింజల నేరుట అతని కాయకము. ఒకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ అది ఆశయని మందలించి, ఎక్కువైనదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. చూడుడు, శరణులు ఉచితమును అంగీకరింపలేదు, పింఛనులు మనుష్యులను సోమరులను చేయునని వీరి వాదము. ఈ వాదము కథను తలక్రిందులు చేయుచున్నది. లక్కమ్మ పరీక్షించినది తన యింటి మూటను. ప్రక్కయింటి కుండ మూత తీసి చూడలేదు. లక్కమ్మ తీర్పు ఎవరికి తగునన్నచో, కాలు చేయి చక్కగా ఉండి పత్రము సంపాదించిన యింటికి తగును. ఆ యింటి ఇల్లాలు ఆ పత్రమును తానే మరలించినచో నోటీసుతో పనియే లేదు. వీరశైవ కుటుంబములలో అట్టి యిల్లు ఒక్కటి ఉన్నను ఈ మాట దానికే.

కాయకము మాట వచ్చినది గనుక అరువదిమువ్వురు పురాతనులలోని దండి అడిగళ్లను తలచవలెను. అతడు అంధుడు. తిరువారూరు కోనేరు పూడిపోవుచుండగా దానిని త్రవ్వ పూనుకొనెను. కోనేటిలో ఒక గుంజ, గట్టుపై ఒక గుంజ పాతి, రెంటికి త్రాడు కట్టి, ఆ త్రాటిని తడవుకొనుచు మన్ను మోసెను. అపహసించినవారును ఉండిరి. తరువాత అతనికి చూపు వచ్చెనని కథ. పురాణశ్రవణమున అందరును ఆ చూపు రాకకే పులకింతురు. చూపు రాకమునుపే అతడు కోనేరు త్రవ్వుచున్నాడు గదా! కన్ను లేనివానికి కాయకము సాధ్యమైనది త్రాటివలన. పింఛను అట్టి త్రాడు. ఉద్యోగములలో 2016 చట్టము చెప్పిన 4 శాతము కేటాయింపు అట్టి త్రాడు. ఆ కొలువులను ఖాళీగా విడిచి, పింఛనుదారుడు పని చేయడని నిందించుట త్రాడు విప్పివేసి నడువుమనుట వంటిది. మన మఠములలో సైతము దాసోహశాలకు పోవుటకు ఎన్ని మెట్లో, చక్రపుకుర్చీ పోవుటకు వాలుదారి ఎన్నింట కలదో పెద్దలు ఒకసారి తిరిగి చూడవలెను.

పునఃపరీక్ష ఏ రాష్ట్రమున వచ్చినను అప్పీలు వ్రాసికొనలేనివారు, ఎవరిని అడుగవలెనో తెలియనివారు ప్రతి గ్రామమున ఉందురు. చదువుకొన్న యువకులు మఠపు అరుగుమీద ఒక పూట కూర్చుండి, పాత ధ్రువపత్రములు, ఎక్సరేలు, చికిత్స చీటీలు వరుసగా అమర్చి, అప్పీలు వ్రాసి, పరీక్షనాడు వెంట పోవలెను. వచ్చినవానిని కులము గాని, ఓటు గాని అడుగరాదు. నడువలేనివాని యింటికి వారే పోవలెను.