నేర్పకుండా అప్పగించిన పని

మా కర్నూలు, కడప పల్లెల్లో మతి తప్పిన అత్తను చూసుకునే కోడల్ని అందరూ మహాతల్లి అంటారు. అనేవాళ్లకు ప్రేమ లేదని కాదు. కానీ ఆ పొగడ్త విన్నాక ఆమెకు అలసిపోయానని చెప్పే దారి మూసుకుపోతుంది. రాత్రి విసుగొచ్చి అత్త చెయ్యి గట్టిగా గుంజాననీ, ఆనక వంటింట్లో కూచుని ఏడ్చాననీ మహాతల్లి ఎవరితో చెప్పుకుంటుంది?

మా పెద్దమ్మకు డిమెన్షియా వచ్చినప్పుడు భారమంతా వదిన మీద పడింది. పొద్దు గూకేసరికి పెద్దమ్మ "మా ఇంటికి పోతా, నాయన ఎదురు చూస్తాంటాడు" అని లేచేది. ఉన్నది సొంత ఇంట్లోనే. "మీ నాయన ఎప్పుడో పోయినాడు గదత్తా" అని వదిన ఉన్న నిజం చెప్పేది. ఆ చావు కబురు అప్పుడే విన్నట్టు పెద్దమ్మ గుండెలు బాదుకునేది. మర్నాడు మళ్లీ అదే. "నిజం చెప్పి రోజూ ఆమెను ఏడిపిస్తాండా. అబద్ధం ఆడదామంటే నోరు రాదు. ఏం చేయాల?" అని వదిన నన్నడిగింది.

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. విన్న నిజాన్ని మనసులో నిలుపుకోగలిగితే మనిషి దుఃఖపడతాడు, మెల్లగా తేరుకుంటాడు. నిలుపుకోలేని మనిషికి అదే నిజం ప్రతిసారీ కొత్త దెబ్బ. పెద్దమ్మ నాయన్ను తలచుకుంటున్నదంటే భయపడుతున్నదని అర్థం. "పోదాంలే అత్తా, ముందు ఈ సంగటి తిను, మీ నాయన ఎట్లాంటోడో చెప్పు" అంటే ఆ భయానికి జవాబు దొరుకుతుంది. అందులో మోసం ఉందని నేననుకోను. ఈ ఒక్క సంగతి వదినకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని సాయంత్రాలు తేలికపడేవో!

మా ఎండలకు సంబంధించిన సంగతి ఇంకొకటుంది. రెండు మూడు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమక పెరిగితే జబ్బు ముదిరిందని వదిలేస్తారు. చాలాసార్లు దానికి కారణం ఒంట్లో నీళ్లు తగ్గడమో, మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో అయివుంటుంది. వైద్యం చేస్తే ఆ తికమక తగ్గొచ్చు. దప్పికైందని చెప్పలేని మనిషికి మే నెలలో గ్లాసు చేతికిచ్చి మాటిమాటికీ తాగించాలి. ప్రేమ ఎంతున్నా ఇది దానంతటదే తెలియదు. ఎవరో ఒకరు నేర్పాలి.

2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. పట్నాల కంటే పల్లెల్లో, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. మా పల్లెల సంగతా! ఆదోని, కోసిగి వైపు జనం సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు మిరప చేలకు పోతారు, కడప వైపు చాలామంది కువైట్‌లో ఉంటారు. ఇంట్లో ముసలివాళ్లు, వాళ్లను కనిపెట్టుకుని ఒక ఆడమనిషి మిగులుతారు. ఆమెను పట్నంలో శిక్షణకు రమ్మంటే ఎట్లా వస్తుంది?

ఇంటికే వెళ్లి నేర్పొచ్చని గోవా చూపించింది. 81 కుటుంబాలతో అక్కడ చేసిన ప్రయోగం ఫలితాలు 2008లో వచ్చాయి. పెద్ద చదువులు లేని స్థానికులకే శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు. జబ్బు ఏమిటో, విసుగొచ్చినప్పుడు ఏం చేయాలో వాళ్లు ఇంటివాళ్లకు చెప్పారు, వాళ్ల గోడు విన్నారు. చూసుకునేవాళ్ల మనసు కుదుటపడింది. కేరళ మరో అడుగు వేసింది. మంచాన పడినవాళ్లను చూసుకునేవాళ్లకు ఆశ్వాసకిరణం పథకం కింద నెలకు 600 రూపాయలు ఇస్తుంది. చిన్న మొత్తమే, కానీ అది ఆమె పేరున వస్తుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వృద్ధులకు 4,000, పూర్తిగా మంచాన పడిన వికలాంగులకు 15,000 పింఛను వస్తోంది. ఆ లెక్కలో చూసుకునే మనిషి ఎక్కడా కనబడదు.

మా పల్లెల్లో గోవా పద్ధతికి కావలసిన మనిషి ఇప్పటికే ఉంది. బాలింతల కోసం, బీపీ మాత్రల కోసం గడపగడపకూ తిరిగే ఆశా కార్యకర్తే ఆమె. అదనంగా జీతమిచ్చి ఈ పనీ ఆమెకు నేర్పాలి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చని వదినకు చెబితే, "నాకేం జబ్బు?" అంది. అలసట జబ్బుగా మారకముందే చెప్పుకోవచ్చని నేను ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. రోజూ గడప తొక్కే ఆశా అమ్మాయి చెబితే నమ్మేది.