ముందు దీపం, తర్వాత చక్రం

పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీవిజయపురం అయింది గానీ, విమానాశ్రయం పక్కనున్న లంబాలైన్ మాత్రం లంబాలైన్‌గానే ఉంది. శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఓ ఇంట్లో అన్నాచెల్లెళ్లు ఉండేవారు. బడిలో రోబోల ప్రదర్శన ఉందని తెలిసి, అడ్డం వస్తే తనంతట తానే పక్కకు తిరిగే బండి చేద్దామని చెరొకటి మొదలుపెట్టారు. ఇద్దరి సామానూ ఒకటే: ప్రోగ్రామ్ ఎక్కించే ఆర్డుయినో ఊనో బోర్డు, రెండు పసుపుపచ్చ మోటార్లు, వాటిని నడిపే ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్, బ్యాటరీలు. అన్నీ సముద్రం దాటి మెయిన్‌లాండ్ నుంచి వచ్చినవే. ఒకటి కాలిందంటే మళ్లీ పార్సిల్ కోసం ఎదురుచూడాల్సిందే.

అన్న ఆ రాత్రే చక్రాలు బిగించి, తీగలన్నీ కలిపి, ఎవరో రాసిన ప్రోగ్రామ్ ఎక్కించేశాడు. బండి కదల్లేదు.

చెల్లెలు ఉత్త బోర్డును కంప్యూటర్‌కు తగిలించింది. పోర్టు కనబడలేదు. చవక బోర్డుల్లో ఉండే సీహెచ్340 చిప్‌కు కావలసిన సాఫ్ట్‌వేర్ వేశాక కనబడింది. అప్పుడు ‘బ్లింక్’ ప్రోగ్రామ్ ఎక్కించింది. 13వ పిన్నుకు చెందిన చిన్న దీపం సెకను వెలిగి, సెకను ఆరింది.

అన్న నవ్వాడు. “ఏటే, కొత్త బోర్డు కొన్నప్పట్నించీ అలాగే మినుకుతాది. నువ్వు చేసిందేటి?”

ఆమె మారుమాట్లాడకుండా ప్రోగ్రామ్‌లో సెకనుకు గుర్తుగా 1000 అని ఉన్నచోట్ల 200 అని రాసి మళ్లీ ఎక్కించింది. దీపం గబగబా మినుకుమంది. “ఇప్పుడు నా మాట వింటోంది అన్నయ్యా” అంది. కేబుల్ మంచిదే, పోర్టు సరైనదే, బోర్డు పేరు సరిగానే ఎంచుకుంది, రాసిన మాట చిప్‌లోకి ఎక్కుతోంది. ఇన్ని సంగతులు ఆ దీపం ఒక్కటే తేల్చేసింది.

తర్వాత మోటార్ డ్రైవర్‌తో ఒక్క చక్రం కలిపింది. తిరగలేదు. కొత్తగా చేర్చింది అదొక్కటే గనుక అక్కడే వెతికింది. బ్యాటరీ మైనస్ తీగ డ్రైవర్‌కు వెళ్లింది గానీ, బోర్డు గ్రౌండ్‌తో కలవలేదు. గ్రౌండ్ ఒకటి కాకపోతే బోర్డు పంపే సంకేతం డ్రైవర్‌కు అర్థం కాదు. ఆ తీగ కలపగానే చక్రం తిరిగింది. ఆపైన రెండో చక్రం, చివరికి సెన్సర్ చేర్చింది. సెన్సర్ చెప్పే దూరాన్ని కంప్యూటర్‌లోని సీరియల్ మానిటర్‌లో చూసి, స్కేలుతో సరిచూసుకున్నాకే బండిని నేల మీద పెట్టింది.

అన్న బండిలోనూ లేనిది సరిగ్గా ఆ తీగే. కానీ అతనికి ప్రోగ్రామ్ మీదా, సెన్సర్ మీదా, బ్యాటరీల మీదా అనుమానమే. విసిగిపోయి అన్నీ ఒకేసారి మార్చాడు. చివరికి డ్రైవరే పాడైందనుకుని దాన్ని తీసేసి, మోటారును నేరుగా బోర్డు పిన్నుకు కలిపాడు. ఊనో చిప్‌లో ఒక్కో పిన్నుకు గరిష్ఠ హద్దు 40 మిల్లీఆంపియర్లు. కదలబోయే మోటారు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. పిన్ను కాలిపోయింది.

ప్రదర్శన రోజు చెల్లెలి బండి గోడ దాకా వెళ్లి, ఆగి, పక్కకు తిరిగింది.

“నాకు ఒక్క తీగే తక్కువైంది” అన్నాడు అన్న.

“నాకూ అదే తక్కువైంది అన్నయ్యా. నేను వెతకాల్సిన చోటు ఒక్కటే, నీకు పది.”

నీతి: తప్పు ఎవరి పనిలోనైనా దొర్లుతుంది. దానికి దాక్కునే చోటు లేకుండా, ఒక్కో అడుగూ సరిచూసుకుంటూ పనిచేసేవాడే పనిమంతుడు. పిల్లలూ, బోర్డు చేతికి రాగానే ముందు దీపం వెలిగించండి, అంకె మార్చి చూడండి, ఆ తర్వాతే ఒక్కో భాగం చేర్చండి. మోటారును మాత్రం ఎన్నడూ నేరుగా పిన్నుకు కలపకండి.