పందెంలో ఎవరికి చోటు?

ఉంగుటూరు మండలంలో నేను పాఠాలు చెప్పిన ఒక బడిలో ఏటా ఆటల ఫారాలు నింపేవాళ్లం. ఒక ఏడాది తొమ్మిదో తరగతి చదివే యానాది కుర్రాడొకడు నా ముందు నిలబడ్డాడు. "ఏ ఆటలు వచ్చురా?" అని అడిగాను. "ఏమీ రావండి మాస్టారూ" అన్నాడు. ఆ గడిలో అడ్డగీత గీసి తరువాతి పేరు పిలిచాను.

వాళ్ల కుటుంబం నిడమర్రు వైపు చేపల చెరువుల మీద కాపలా ఉండేది. ఒక ఆదివారం పనిమీద అటు వెళ్లాను. ఆ కుర్రాడు తాటిదోనెలో నిలబడి గెడ వేస్తూ కనిపించాడు. తాటిమాను తొలిచి చేసిన దోనె, మనిషి కాస్త ఒరిగితే తిరగబడుతుంది. మేత బస్తా వేసుకుని ఎదురుగాలిలో తిన్నగా వస్తున్నాడు. నేను ఎక్కబోతే, "కూర్చోండి మాస్టారూ, నిలబడితే పడిపోతారు" అన్నాడు. గోదావరి ఒడ్డున కోయపల్లెలో పుట్టినవాణ్ణి, నాకే భయమేసింది. ఫారంలో గీసిన అడ్డగీత అప్పుడు గుర్తొచ్చింది.

వాడు అబద్ధం చెప్పలేదు. తనకు వచ్చినది ఆట అని వాడికి ఎవరూ చెప్పలేదు. నేనూ అనుకోలేదు. అదే విద్య ఒకరి చేతిలో ఆట, ఇంకొకరి చేతిలో కూలి ఎందుకవుతుంది? పందెంలో ఎవరు నిలబడవచ్చో ఎవరు నిర్ణయిస్తారు?

ఈ ప్రశ్నతోనే లోకంలో బాగా పేరున్న పడవ పందెం ఒకదాని చరిత్ర చదివాను. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల పందెం అది. ఒకే బడిలో చదువుకున్న ఇద్దరు మిత్రులు, తరువాత చెరో విశ్వవిద్యాలయంలో చేరి, దీన్ని మొదలుపెట్టారు. మొదటి పందెం 1829 జూన్ 10న హెన్లీ అనే ఊళ్లో జరిగింది, ఆక్స్‌ఫర్డ్ గెలిచింది. 1856 నుంచి యుద్ధాలప్పుడు, కోవిడ్ వచ్చిన 2020లో తప్ప ఏటా జరుగుతోంది. ఎనిమిది మంది తెడ్లు వేస్తారు, ఒకరు చుక్కాని పడతారు. లండన్‌లో థేమ్స్ నది మీద సుమారు 6.8 కిలోమీటర్ల దూరం.

ఇందులో నాకు నచ్చిన ఆచారం ఒకటుంది. కిందటేడు ఓడినవాళ్లు గెలిచినవాళ్లను మళ్లీ పందేనికి పిలుస్తారు. ఓడినవాడు తలవంచుకుని పోడు, "రా, మళ్లీ చూద్దాం" అంటాడు. గెలిచినవాడు కాదనడు. అంటే ఇద్దరూ ఒకరినొకరు సమానులుగా ఒప్పుకున్నారు. శత్రువు నీళ్లలో నువ్వు మునగాలని కోరతాడు. ప్రత్యర్థికి మాత్రం నువ్వు బాగా తెడ్డు వేయాలి, లేకపోతే వాడి గెలుపుకు విలువ లేదు. పోటీలో ఉన్న మంచి అంతా ఇదే అనుకుంటాను.

అయితే ఆ సమానత్వం ఎంతమందికి? థేమ్స్ మీద ఇంతకంటే పాత పందెం ఒకటుంది. జనాన్ని నది దాటించి బతికే పడవవాళ్లలో, పని నేర్చుకుని కొత్తగా బయటికొచ్చిన కుర్రాళ్ల పందెం. 1715లో మొదలై ఇప్పటికీ జరుగుతోంది. నది వాళ్లది, విద్యా వాళ్లదే. కానీ 1879లో హెన్లీ పోటీల పెద్దలు ఒక నియమం రాశారు. కూలికి చేతిపని చేసినవాడు, చేస్తున్నవాడు అమెచ్యూర్ కాడు, తమ పోటీలకు పనికిరాడు.

ఇద్దరు సమానుల పోటీలో చిక్కొచ్చినా నింద పనివాడి మీదికే పోయింది. 1877లో రెండు విశ్వవిద్యాలయాల పడవలూ సమంగా వచ్చాయని తీర్పు వచ్చింది. తీర్పరి ఫెల్ప్స్ అనే ముసలి పడవవాడు. ఆయన పొద కింద నిద్రపోయాడని, తాగి ఉన్నాడని కథలు పుట్టించారు. అసలు గమ్యం దగ్గర గుర్తుగా స్తంభాలే లేవు. వాటిని మరుసటి ఏడాది పాతారు.

1920లో అమెరికా వాడైన జాన్ కెల్లీ హెన్లీలో పోటీకి దరఖాస్తు పెట్టుకుంటే వద్దన్నారు. ఆయన క్లబ్బుతో ఉన్న పాత గొడవ ఒక కారణం, ఆయన ఇటుకల పని చేసినవాడు కావడం ఇంకో కారణం. ఆ ఏడాదే ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో కెల్లీ బంగారు పతకం గెలిచాడు. ఆయన ఓడించిన బెరెస్‌ఫర్డ్, అదే ఏడాది హెన్లీలో గెలిచినవాడు. చేతిపని నియమాన్ని 1937లో తీసేశారు. 1947లో కెల్లీ కొడుకు హెన్లీలో గెలిచాడు.

ఆడవాళ్ల సంగతీ ఇంతే. 1927లో మొదటిసారి రెండు విశ్వవిద్యాలయాల అమ్మాయిలు పోటీ పడినప్పుడు పడవలను పక్కపక్కన పోనివ్వలేదు. తెడ్డు తీరుకు కూడా మార్కులు వేశారు. మగవాళ్ల పందెం జరిగే దారిలో, అదే రోజు వాళ్లకు చోటు దొరికింది 2015లో.

చేతిపనివాళ్లను ఆపినవాళ్ల దగ్గర ఒక వాదన ఉండేది. రోజూ పని చేసేవాడికి కండబలం ఎక్కువ, వాడితో పోటీ న్యాయం కాదు అని. దీన్ని కొట్టిపారేయకుండా ఆలోచించాను. పనివాడికి కండ ఉంటే, తీరిక ఉన్నవాడికి మంచి తిండి, మంచి పడవ, నేర్పే గురువు ఉన్నాయి. అవి లెక్కకు రాలేదు, కండ ఒక్కటే లెక్కకు వచ్చింది. ఇవతలివాడి బలాన్ని మోసమని, అవతలివాడి బలాన్ని ప్రతిభ అని పిలిస్తే అది న్యాయం పేరుతో కట్టిన కంచె. ఓడిపోవడం అవమానం కాదు. నీతో పోటీయే లేదని ముందే చెప్పడం అవమానం.

మనవాళ్లలో కొందరు, "వాళ్ల పందేలు మనకెందుకు? మన దోనె ఎవరినో ఓడించడానికి కాదు, బతకడానికి" అంటారు. అందులో నిజముంది. నీళ్ల మీద పక్కవాడి దోనె తిరగబడితే మనం ముందుకు పోము, చేయి అందిస్తాం. ఆ గుణం పోగొట్టుకుని తెచ్చే పతకం నాకొద్దు. కానీ పందేనికి పోకపోవడం వేరు, పోనివ్వకపోవడం వేరు. మొదటిది మన ఇష్టం. రెండోది మన ఇష్టం కాదు, దాన్ని మన ఇష్టంగా చెప్పుకోకూడదు.

2025 సంక్రాంతికి కోనసీమలోని ఆత్రేయపురంలో కాలువ మీద డ్రాగన్ పడవల పోటీలు పెట్టారు. అలాంటివి మన ఏలూరు కాలువలోనూ, కొల్లేరులోనూ జరగాలి. జరిగినప్పుడు అడగాల్సినది ఎవరు గెలిచారన్నది మాత్రమే కాదు, రోజూ ఆ నీళ్ల మీద బతికేవాళ్లను పిలిచారా అని. ఒడ్డున నిలబడి పడవలు తోసిపెట్టడానికి కాదు, లోపల కూర్చుని తెడ్డు వేయడానికి.

మరుసటి ఏడాది ఫారాలు వచ్చినప్పుడు ఆ కుర్రాణ్ణి మళ్లీ పిలిచాను. ఈసారి ఏ ఆటలు వచ్చని అడగలేదు. "ఇంటి దగ్గర ఏమేం చేస్తావురా?" అన్నాను. చాలాసేపు చెప్పాడు. గెడ వేస్తాడు, ఈదుతాడు, గాలి చూసి వాన చెబుతాడు. ఫారంలో వాటికి గడులు లేవు. అంచున ఖాళీలో రాసి పంపాను. దాన్ని ఎవరైనా చదివారో లేదో తెలియదు. రాస్తున్నప్పుడు వాడు మాత్రం వంగి, అక్షరం అక్షరం చదువుకున్నాడు.

ఉపాధ్యాయ మిత్రులారా, మీ చేతిలోనూ అలాంటి ఫారాలు ఉన్నాయి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, "ఏమీ రాదు" అనే ముందు ఒక్కసారి మీ చేతులు చూసుకోండి.