ఎవరు చేసిన పాపం?



ఒక ఆదివారం బుచ్చిరెడ్డిపాలెంలో దివ్యబలి పూజ ముగిసి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయాక, ఒక తల్లి గుడి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. ఆ కుటుంబం ఎవరిదో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. ఆమె ఐదేళ్ళ కొడుకు తలుపు గడియను పైకీ కిందికీ ఆడిస్తూ ఉన్నాడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. పాటల్లో డోలక్ మోగితే చెవులు మూసుకుంటాడు. డాక్టరుగారు దాన్ని ఆటిజం అన్నారట.

"ఫాదర్, నేను చేసిన పాపమేమిటో చెప్పండి. నేను బిడ్డతో సరిగా మాట్లాడలేదు కాబట్టే వాడికి మాటలు రాలేదని మా అత్త ఇన్నాళ్ళూ అన్నది. ఇది జన్యువుల వల్ల అని డాక్టరు చెప్పినప్పటి నుండి, 'అయితే మీ పుట్టింటి వంశంలోనే ఉంది' అంటున్నది. పాపసంకీర్తనంలో ఏమని చెప్పుకోను?" అని ఆ తల్లి ఏడ్చింది.

ప్రియ పాఠకులారా, ఈ ప్రశ్న కొత్తది కాదు. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయం తెరవండి. పుట్టు గుడ్డివానిని చూసి శిష్యులు అడిగినది ఇదే. వీడు చేసిన పాపమా, వీడి తల్లిదండ్రులు చేసిన పాపమా? ప్రభువు రెండింటినీ కాదన్నారు. దేవుని కార్యం అతనియందు వెల్లడి కావలసి ఉన్నదని చెప్పి, వెంటనే వంగి మట్టి కలిపి పనికి పూనుకున్నారు.

మన అత్తలూ ఇరుగుపొరుగులూ మాత్రమే ఈ ప్రశ్న అడిగారనుకోకండి. చదువుకున్నవారూ అడిగారు. 1943లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు పదకొండు మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వివరించాడు. ఇది పుట్టుకతోనే ఉన్నట్టుందని ఆయనే వ్రాశాడు. అయినా ఆ తల్లిదండ్రులలో ఆప్యాయత తక్కువగా ఉన్నదని కూడా వ్రాశాడు. ఆ రెండవ మాటే లోకానికి బాగా పట్టింది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ అనే ఆయన ఒక పెద్ద పుస్తకం వ్రాసి తల్లుల మీదే నేరం మోపాడు. ఎందరో తల్లులు ఆ మాటను నమ్మి కుమిలిపోయారు.

ఆ నింద ఎలా తొలగింది? బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇటువంటి బిడ్డకు తండ్రి. ఇది శరీర నిర్మాణానికి సంబంధించినదనీ, పెంపకం లోపం కాదనీ ఆయన 1964లోనే ఒక పుస్తకంలో వాదించాడు. 1969లో కానర్ స్వయంగా తల్లిదండ్రుల సభలో నిలబడి, వారు నిర్దోషులని ప్రకటించాడు. 1977లో సూసన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రటర్ అనే వైద్యులు ఇంగ్లాండులో 21 జతల కవలలను పరిశీలించారు. ఒకే అండం నుండి పుట్టిన 11 జతలలో, నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. వేర్వేరు అండాల నుండి పుట్టిన పది జతలలో, ఒక్కదానిలోనూ ఇద్దరికీ లేదు. ఒకే ఇల్లు, ఒకే తల్లి, అయినా ఇంత తేడా! దీని మూలం జన్యువులలో ఉన్నదని అప్పుడు తెలిసింది. 2019లో ఐదు దేశాలకు చెందిన 20 లక్షల మంది పిల్లల వివరాలతో వెలువడిన పరిశోధన కూడా, ఆటిజం రావడంలో సుమారు 80 శాతం పాత్ర వంశపారంపర్య జన్యువులదేనని తేల్చింది.

"అయితే ఆ అత్తగారు అన్నది నిజమే కదా ఫాదర్!" అంటారేమో. కాదు. ఇందులో పాలుపంచుకునే జన్యువులు వందల సంఖ్యలో ఉన్నాయి. అవి తండ్రి వైపు నుండీ వస్తాయి, తల్లి వైపు నుండీ వస్తాయి. కొన్ని మార్పులైతే తల్లిలోనూ తండ్రిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా కలుగుతాయి. ఫలానా ఇంటి వంశమని వేలు చూపడానికి ఇక్కడ చోటు లేదు. టీకాల వల్ల వస్తుందన్న మాట కూడా నమ్మకండి. 1998లో ఆ అనుమానం లేపిన వ్యాసాన్ని, దానిని ప్రచురించిన వైద్య పత్రికే 2010లో ఉపసంహరించుకుంది.

సెమినరీలో తత్వశాస్త్రం చదివిన రోజుల్లో అరిస్టాటిల్ చెప్పిన నాలుగు కారణాలను వల్లె వేశాము. ఆ నాలుగింటిలో 'తప్పు ఎవరిది' అనేది లేదు. కారణం వేరు, దోషం వేరు. మనసు సమ్మతించనిదే పాపం లేదని పునీత తోమాసు అక్వినాసు మనకు నేర్పారు. తన జన్యువులను ఏ తల్లి ఎంచుకుంది? అందుకే ఆ తల్లితో అన్నాను: "అమ్మా, ఈ విషయంలో నీవు ఒప్పుకోవలసిన పాపం ఏదీ లేదు."

ఒప్పుకోవలసినది నాకే ఉంది. చాలా ఏళ్ళ క్రితం మరొక విచారణలో, నా ప్రసంగం మధ్యలో ఒక బాబు పదే పదే కేక వేస్తుంటే, "ఆ పిల్లవాణ్ణి బయటికి తీసుకుపొండి" అని మైకులో అన్నాను. తీసుకుపోయారు. ఆ కుటుంబం మళ్ళీ గుడికి రాలేదు. నేనూ వాళ్ళ ఇంటికి వెళ్ళలేదు. ఆ బాబుకు ఏమున్నదో నేను అడగనైనా లేదు.

కనిగిరి రిజర్వాయరు కింద సేద్యం చేసే మీకు నేను చెప్పాలా? ఏ విత్తనం ఎటువంటిదో రైతు మార్చలేడు. కానీ సమయానికి నీరు పెట్టగలడు. ఏడాది నిండినా పేరుకు పలకని బిడ్డను, వేలితో చూపించని బిడ్డను, వచ్చిన మాటలు పోగొట్టుకున్న బిడ్డను త్వరగా డాక్టరుకు చూపండి. "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అంటూ ఏళ్ళు గడపకండి. మందుతో ఆటిజం పోగొడతామనే వారికి డబ్బు పోయకండి. మాట, నడవడిక, ఆట నేర్పే శిక్షణ చిన్న వయసులో మొదలైతే మేలు జరుగుతుంది. ఆటిజాన్ని అంచనా వేయడానికి 40 అంశాల భారతీయ కొలమానాన్ని 2009లో తయారు చేసింది మన సికింద్రాబాదులోని జాతీయ సంస్థే. దాని ఆధ్వర్యంలో ఒక కేంద్రం నెల్లూరులోనూ ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజానికి గుర్తింపు ఉంది. ధ్రువపత్రం తీసుకోవడానికి సిగ్గుపడకండి. వేళాంగణికి, గుణదలకు మొక్కుకోండి, వెళ్ళండి. దానితో పాటు శిక్షణ కూడా ఇప్పించండి.

ఇక విచారణగా మన పని. 2014 నవంబరులో పోపు ఫ్రాన్సిస్ గారు ఆటిజం ఉన్నవారినీ వారి కుటుంబాలనూ వాటికనులో కలుసుకుని, వారి ఒంటరితనాన్ని తొలగించమని అందరినీ కోరారు. మనం ఏం చేద్దాం? ఆ తల్లికి తలుపు దగ్గర ఒక చోటు ఉంచుదాం. మైకు, డోలక్ కొంచెం తగ్గిద్దాం. బిడ్డ కేక వేస్తే వెనక్కి తిరిగి చూడకుండా ఉందాం. తగిన సిద్ధపాటు ఇచ్చి, వారినీ ప్రథమ దివ్యసత్ప్రసాదానికి చేరుద్దాం. అత్తలారా, ఆడపడుచులారా, ఒక పూట బిడ్డను మీరు చూసుకుని ఆ తల్లిని నిద్రపోనివ్వండి.

ఆ పుట్టు గుడ్డివాణ్ణి పెద్దలు ప్రార్థనా మందిరం నుండి వెలివేశారు. ప్రభువు ఆ సంగతి విని, అతన్ని వెదకి కనుగొన్నారు. నేను బయటికి పంపిన ఆ బాబు ఇప్పుడు యువకుడై ఉంటాడు. అతని ఇల్లు వెదకడానికి బయలుదేరుతున్నాను. నా కొరకు ప్రార్థించండి. మీ వీధిలోనూ అటువంటి ఇల్లు ఒకటి ఉంటుంది. మీరూ బయలుదేరండి.

ప్రభువు మిమ్మును దీవించునుగాక. ఆమెన్.